ఎర్ర సముద్రమా? జమ్ము సముద్రమా?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: నిర్గమకాండము 13:17 నుండి 14:31 వరకు

మీ చేతిలో పరిశుద్ధ గ్రంథము ఉంటే నిర్గమకాండము తెరిచి పెట్టుకోండి. ఈ దినము మనము ఒక్క పేరును గూర్చి ధ్యానించబోతున్నాము. ఒక సముద్రము పేరు. చదివి దాటిపోయే మాటే గాని, ఆ మాట దగ్గర ఒక ఇంట్లో తల్లికీ బిడ్డకీ మధ్య మాటలు ఆగిపోయాయి. అందుకే దీనిని తీసుకున్నాను.

2024 ఫిబ్రవరి నెలలో శ్రీకాకుళం జిల్లా నుండి ఒక తల్లి నాకు ఉత్తరం వ్రాశారు. ఆమె పేరు, ఊరు చెప్పను. ఉత్తరంలోని సంగతి చెప్పడానికి మాత్రం అనుమతి తీసుకున్నాను. ఆమె పెద్ద కుమారుడు సరుకు ఓడలో పని చేస్తాడు. 2023 నవంబరు నుండి ఎర్ర సముద్రములో ఓడల మీద దాడులు మొదలైన సంగతి మీరు వార్తల్లో విన్నారు. ఆ వార్త విన్న దినము నుండి ఆ తల్లి తెల్లవారుజామున లేచి, నిర్గమకాండము 14వ అధ్యాయము ముందు పెట్టుకొని, "ప్రభువా, నీ ప్రజలను దాటించిన సముద్రములోనే నా బిడ్డ ఉన్నాడు, వాణ్ణి కూడా దాటించు" అని ప్రార్థిస్తూ వచ్చింది.

ఆమె చిన్న కుమారుడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చి, తల్లి ప్రార్థన విని ఇలా అన్నాడట. "అమ్మా, నువ్వు చెప్పే సముద్రం అది కాదు. ఇంగ్లీషులో రీడ్ సీ అని ఉండాలి. రీడ్ అంటే జమ్ము. అచ్చు వేసేటప్పుడు ఒక 'ఈ' అక్షరం పడిపోయి రెడ్ సీ అయింది. వాళ్లు దాటింది మోకాలి లోతు జమ్ము మడుగు." ఆమె ఏమీ అనలేదు. వారం రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు. తర్వాత నాకు వ్రాసింది: "అయ్యగారూ, నేను ఇన్నాళ్లు తప్పుడు సముద్రం పేరు చెప్పి ప్రార్థన చేశానా? మీకు ఈ సంగతి ముందే తెలుసా?"

ఆ రెండో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే నాకు ముందే తెలుసు.

సెమినరీలో హెబ్రీ భాష నేర్చుకున్న రెండవ సంవత్సరములోనే తెలుసు. మా అధ్యాపకులు బల్ల మీద రెండు మాటలు వ్రాసి, "ఇక్కడ ఎరుపు అనే మాట ఎక్కడుందో చూపించండి" అన్నారు. ఎవరం చూపించలేకపోయాము, ఎందుకంటే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ల వయసులో సండే స్కూలు పండుగకు నేను మోషే వేషం వేసి, దుప్పటితో చేసిన ఎర్ర సముద్రమును కర్రతో పాయలుగా చేసినవాణ్ణి. తరువాత సేవలోనికి వచ్చాను. ఈ భాగము మీద ఎన్నోసార్లు ప్రసంగించాను గాని, ఈ సంగతి ఒక్కసారి కూడా సంఘానికి చెప్పలేదు. విశ్వాసులు కలవరపడతారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పలేనేమోనని భయం. మేము చెప్పనిది మన పిల్లలకు వేరొకరు చెప్పారు, అదీ సగం తప్పుగా చెప్పారు. కాబట్టి ప్రియులారా, ఈ ప్రసంగము కొంతవరకు నా అప్పు తీర్చుకోవడమే.

ముందు ఆ రెండు మాటలు చూద్దాము. హెబ్రీలో ఆ సముద్రము పేరు యామ్ సూఫ్. యామ్ అంటే సముద్రము. అయితే మనం సముద్రము అన్నప్పుడు కళ్లముందుకు వచ్చే బంగాళాఖాతము వంటిదే కానక్కర లేదు. చుట్టూ గట్టు కనబడే గలిలయ సరస్సును కూడా హెబ్రీవారు యామ్ అనే అన్నారు. సూఫ్ అంటే నీటి అంచున పెరిగే జమ్ము. ఈ మాట మీకు బాగా తెలిసిన చోటే ఉన్నది. నిర్గమకాండము 2వ అధ్యాయములో పసివాడైన మోషేను పెట్టెలో పెట్టి తల్లి ఏటి ఒడ్డున ఎక్కడ ఉంచింది? జమ్ములో. ఆ జమ్మే సూఫ్. యోనా 2:5లో ప్రవక్త తలకు చుట్టుకొన్నది కూడా ఈ సూఫే. అక్కడ సముద్రపు నాచు అనే అర్థములో వాడబడింది. మన తెలుగు బైబిలులోనే ఈ మాట అనువాదం కాకుండా ఊరి పేరుగా నిలిచిన చోటు ఒకటున్నది. ద్వితీయోపదేశకాండము మొదటి వచనము తీసి చూడండి, సూపు అని కనబడుతుంది. అక్కడ ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదకులు రెడ్ సీ అనే వ్రాశారు. మనవాళ్లు పేరును పేరుగానే ఉంచారు. ఈ ఒక్క చోట తెలుగు మూలానికి దగ్గరగా ఉన్నదని చెప్పుకోవడానికి నాకు కొంచెం సంతోషంగానే ఉంటుంది.

మరి ఎరుపు ఎక్కడ నుండి వచ్చింది? ఇక్కడే ఆ తమ్ముడు విన్న కథ తప్పుతున్నది.

క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దములో ఐగుప్తులోని అలెగ్జాండ్రియా పట్టణములో యూదులు ధర్మశాస్త్రమును గ్రీకు భాషలోనికి తర్జుమా చేయడం ప్రారంభించారు. దానినే సెప్టువజింట్ అంటాము. యామ్ సూఫ్ అని వచ్చిన చోట వారు ఎరిత్రా థలాస్సా అని వ్రాశారు. గ్రీకులో దాని అర్థము ఎర్ర సముద్రము. గమనించండి, వారు ఐగుప్తులోనే నివసించినవారు. జమ్ము అంటే ఏమిటో తెలియనివారు కారు. మోషేను దాచిన చోట సూఫ్ అనే మాటను వారు నీటి చెలమ, బురద నేల అనే అర్థము వచ్చే మాటతో సరిగానే తర్జుమా చేశారు. అయినా సముద్రము పేరు దగ్గరికి వచ్చేసరికి మాటకు మాట పెట్టలేదు. అప్పటి గ్రీకు చదువరులకు తెలిసిన పేరు పెట్టారు. విశాఖపట్నము అనే పేరును ఎవరూ అర్థము విడదీసి వేరే భాషలోనికి మార్చరు గదా, అక్కడివారు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే వ్రాస్తారు. వారు చేసింది అదే.

గ్రీకు నుండి లాటినులోనికి వచ్చినప్పుడు హెబ్రీ బాగా తెలిసిన జెరోము కూడా మారే రూబ్రుమ్ అనే, అంటే ఎర్ర సముద్రము అనే పెట్టాడు. 14వ శతాబ్దము చివరిలో విక్లిఫ్ అనుచరులు ఆ లాటిను నుండి ఇంగ్లీషులోనికి తర్జుమా చేశారు. ఇప్పుడు చెప్పబోయేది వింటే మీకు నవ్వు వస్తుంది. విక్లిఫ్ బైబిలులో ఆ పేరు రెండు 'ఈ' అక్షరాలతో, చూడ్డానికి రీడ్ అన్నట్టుగానే ఉన్నది! అయితే ఆ కాలపు ఇంగ్లీషులో ఎరుపు అనే మాటనే అలా రెండు 'ఈ'లతో వ్రాసేవారు. వారి ముందున్న లాటినులో జమ్ము లేదు, ఎరుపే ఉన్నది. తరువాత ఇంగ్లీషు వర్ణక్రమము మారి ఒక 'ఈ' పోయింది. అక్షరం పోయిన మాట నిజమే, అర్థము మాత్రం పోలేదు, మొదటి నుండీ ఎరుపే.

ఇంగ్లీషులో రెడ్, రీడ్ అనే రెండు మాటలు దగ్గరగా ఉండడం కేవలం ఆ భాషలోని యాదృచ్ఛికము. గ్రీకులో ఆ రెండు మాటలకు పోలిక లేదు. లాటినులో లేదు. హెబ్రీలో లేదు. మన తెలుగులో ఎరుపుకూ జమ్ముకూ ఏమి సంబంధము? ఇంగ్లీషు అనే భాష పుట్టకముందే ఎర్ర సముద్రము అనే పేరు బైబిలులో ఉన్నప్పుడు, ఇంగ్లీషు అచ్చుతప్పు వలన వచ్చిందని ఎలా చెప్పగలము? చదువుకున్న మన పిల్లలు ప్రతి సంగతికీ ఇంగ్లీషే మూలమనుకోవడం ఒక బలహీనత. పెద్దలమైన మనకు కూడా అది లేకపోలేదు. ఇంగ్లీషు బైబిలే అసలు బైబిలు అన్నట్టుగా మాట్లాడే బోధకులను నేను చాలామందిని చూశాను.

గ్రీకువారు ఎర్ర సముద్రము అన్నప్పుడు ఏ నీటిని ఉద్దేశించారు? ఇది తెలుగువారమైన మనకు ఆసక్తికరమైన సంగతి. ఈ దినము భూగోళ పటములో ఐగుప్తుకూ అరేబియాకూ మధ్య సన్నగా పొడుగ్గా కనబడే నీటికి మాత్రమే ఆ పేరు. దాని పొడవు సుమారు 2,250 కిలోమీటర్లు, ఎక్కువ వెడల్పు సుమారు 355 కిలోమీటర్లు. కాని క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దములో హెరోడోటస్ అనే చరిత్రకారుడు ఆ పేరును పర్షియా వైపు ఉన్న నీటికీ, ఆవల ఉన్న మహాసముద్రానికీ కూడా వాడాడు. క్రీస్తు శకము మొదటి శతాబ్దములో, అంటే మన అపొస్తలుల కాలములోనే, ఐగుప్తు నుండి వ్యాపారము చేసిన ఒక గ్రీకు నావికుడు ఓడరేవుల వివరాలు వ్రాశాడు. అతని పేరు మనకు దొరకలేదు గాని పుస్తకము దొరికింది. దాని పేరే ఎర్ర సముద్ర యానము. ఆ పుస్తకము ఇండియా పడమటి తీరము దాటి, తూర్పు తీరానికి వచ్చి, మసలియా అనే ప్రాంతములో సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని చెబుతుంది. మసలియా అంటే మన మచిలీపట్నము వైపు కృష్ణా తీరమని చరిత్రకారులు చెబుతారు. ఆ లెక్కన మన బందరు కూడా ఎర్ర సముద్రము దారిలోనిదే!

ఇంతకూ ఆ నీరు ఎర్రగా ఉంటుందా? ఉండదు. జెద్దాలో పని చేసి వచ్చిన మన కోనసీమ సహోదరులను అడగండి, నీలంగా ఉంటుందని చెబుతారు. ఒక్క నది కూడా ఏడాది పొడవునా దానిలో వచ్చి కలవదు. ఎండ ఎక్కువ, వాన తక్కువ, అందుచేత ఉప్పు చాలా ఎక్కువ. కొన్ని కాలాల్లో ట్రైకోడెస్మియమ్ ఎరిత్రేయమ్ అనే అతి సూక్ష్మమైన జీవరాశి నీటి మీద తెట్టెగా పెరిగి, చనిపోయేటప్పుడు గోధుమ ఎరుపు రంగు వస్తుంది. అందువలన ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఒడ్డున ఉన్న ఎర్రని కొండల వలన అని కొందరు. పూర్వము కొన్ని జాతులు దిక్కులకు రంగులు పెట్టేవారు గనుక దక్షిణ దిక్కు ఎరుపు అని మరికొందరు. ఇంకొక మాట కూడా ఉన్నది. ఆ సముద్రపు ఉత్తర కొన దగ్గర ఎదోము దేశము. ఎదోము అంటే ఎరుపు అని ఆదికాండము 25:30లోనే మనము చదువుతాము. నాకు ఇది ఆకర్షణగా కనబడుతుంది గాని, ఆకర్షణగా ఉన్నదంతా నిజమని ప్రసంగించడానికి వీలులేదు. అరబ్బులు కూడా ఇప్పుడు దానిని ఎర్ర సముద్రమనే అంటారు, మునుపు కుల్జుమ్ సముద్రమని కూడా అనేవారు. దాని దక్షిణ ద్వారానికి పేరు బాబ్ అల్ మందబ్, అంటే విలాపపు వాకిలి. ఆ తల్లి కుమారుని ఓడ వెళ్లవలసిన దారి అదే. ఈ అర్థము మాత్రం నేను ఆమెకు చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వద్దాము. యామ్ సూఫ్ అంటే జమ్ము సముద్రమైతే, అది మోకాలి లోతు మడుగేనా?

బైబిలునే అడుగుదాము. 1 రాజులు 9:26లో సొలొమోను రాజు ఓడలు కట్టించిన చోటు ఎదోము దేశములో ఏలతు దగ్గర ఉన్న ఎసోన్గెబెరు. అది యామ్ సూఫ్ తీరమున ఉన్నదని వ్రాయబడింది. అంటే ఇప్పుడు అకాబా సింధుశాఖ అంటున్నామే, అది. ఓఫీరుకు పోయి బంగారము తెచ్చే ఓడలు మోకాలి లోతు మడుగులో తేలుతాయా? సంఖ్యాకాండము 33వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు సముద్రమును దాటి, మూడు దినములు నడిచి, మారాకూ ఏలీముకూ వచ్చి, ఆ తరువాత మరల యామ్ సూఫ్ దగ్గర దిగారు. నిర్గమకాండము 10:19లో మిడతలను గాలి కొట్టుకొనిపోయి పడవేసింది కూడా యామ్ సూఫ్‌లోనే. పాత నిబంధనలో ఇరవైకి పైగా సార్లు వచ్చే ఈ పేరు అనేక చోట్ల ఈనాటి ఎర్ర సముద్రమునకూ దాని రెండు కొమ్ములకూ సరిపోతున్నది. కాబట్టి "జమ్ము అని అర్థము గనుక బురద మడుగే" అనే వాదము బైబిలు వాడుకలో నిలవదు. పేరుకు అర్థము ఒకటి, ఆ పేరుగల చోటు ఇంకొకటి. మన రావులపాలెములో రాయుళ్లు ఉన్నారా లేరా అని చూసి ఊరి హద్దులు గీస్తామా?

అయితే ఇశ్రాయేలీయులు ఆ పెద్ద నీటినే దాటారని నేను బల్ల గుద్ది చెప్పను. నిర్గమకాండము 14వ అధ్యాయమంతా మీరు జాగ్రత్తగా చదవండి. నీళ్లు విడిపోయిన ఆ అధ్యాయములో సముద్రము పేరు లేదు. సముద్రము, సముద్రము అని మాత్రమే మరల మరల ఉన్నది. పేరు 13:18లో వస్తుంది, మరల 15వ అధ్యాయములో మోషే కీర్తనలో వస్తుంది. దిగిన చోటుకు మాత్రం గుర్తులున్నాయి. పీహహీరోతు ఎదుట, మిగ్దోలుకూ సముద్రమునకూ మధ్య, బయల్సెఫోను నెదుట. ఆ ఊళ్లు ఎక్కడివో పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. సూయెజు సింధుశాఖ ఉత్తర కొన అని కొందరు, 1869లో తెరిచిన సూయెజు కాలువ ఏ సరస్సుల గుండా పోతున్నదో ఆ తిమ్సా సరస్సు, చేదు సరస్సులు అని కొందరు, వాటికి ఉత్తరాన ఇప్పుడు ఎండిపోయిన బల్లా సరస్సు అని కొందరు చెబుతారు. పాత ఐగుప్తు వ్రాతలలో నైలు తూర్పు పాయల వైపు జమ్ము ప్రాంతానికి సూఫ్ వంటి మాటే వాడబడింది గనుక, సరస్సుల పక్షమువారికి కూడా బలమున్నది. సూఫ్ అనే మాటను కొంచెము వేరుగా పలికితే అంతము, కొస అనే అర్థము వస్తుంది, కాబట్టి లోకపు అంచున ఉన్న సముద్రమని అర్థమని చెప్పేవారు కూడా ఉన్నారు. వింతేమిటంటే, ఇందాక చెప్పిన సొలొమోను ఓడల వచనములో గ్రీకు అనువాదకులు ఎర్ర సముద్రము అనకుండా చివరి సముద్రము అని వ్రాశారు. అంటే రెండు వేల ఏండ్లకు ముందే ఈ పేరు అనువాదకులను ఆలోచింపజేసింది. ఇది కొత్తగా ఎవరో కనిపెట్టి మన విశ్వాసము మీద వేసిన బాంబు కాదు.

దాచిపెట్టిన సంగతి కూడా కాదు. 1534లో అచ్చయిన మార్టిన్ లూథరు జర్మను బైబిలు పాత నిబంధనలో ఈ సముద్రమును జమ్ము సముద్రమనే పిలిచింది. ప్రొటెస్టెంటు సంఘములకు తండ్రి వంటివాడే అలా వ్రాశాడు, జర్మనీ విశ్వాసుల విశ్వాసము ఏమీ పడిపోలేదు! ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ రెడ్ సీ అన్నది. 1962లో అమెరికా యూదులు చేసిన ధర్మశాస్త్ర అనువాదము సీ ఆఫ్ రీడ్స్ అని మార్చింది. 1966లో వచ్చిన కాథలిక్కుల జెరూసలేము బైబిలు కూడా అంతే. 1978లో పూర్తి బైబిలుగా వచ్చిన ఎన్.ఐ.వి. పైన రెడ్ సీ అని ఉంచి, పుట అడుగున చిన్న అక్షరాలతో జమ్ము సముద్రమని గమనిక పెట్టింది. నా దగ్గర ఉన్నది ఆ బైబిలే. ఆ అడుగు గమనికను నేను ఎన్నోసార్లు చదివి, పేజీ తిప్పేశాను. ఆ చిన్న అక్షరాలను సంఘానికి చదివి వినిపించి ఉంటే ఆ తల్లికి ఈ బాధ ఉండేది కాదు.

క్రొత్త నిబంధన సంగతి కూడా చెప్పాలి. అపొస్తలుల కార్యములు 7:36లో స్తెఫను ప్రసంగములోను, హెబ్రీయులకు 11:29లోను గ్రీకు మూలములోనే ఎర్ర సముద్రము అని ఉన్నది. స్తెఫనుకు ప్రాణము పోయే ఘడియలో భూగోళ పాఠము చెప్పే తీరిక లేదు. అందరూ ఎరిగిన పేరుతో ఆయన చెప్పాడు. పౌలు 1 కొరింథీయులకు 10వ అధ్యాయములో ఇదే సంగతి వ్రాస్తూ ఏ పేరూ పెట్టలేదు, సముద్రము అన్నాడు, అంతే. కాబట్టి ఎర్ర సముద్రము అని పలికేవారు అపొస్తలుల కాలపు వాడుకలోనే ఉన్నారు, జమ్ము సముద్రము అనేవారు మోషే మాటకు దగ్గరగా ఉన్నారు. ఒకరినొకరు వెక్కిరించుకోవలసిన పని లేదు.

ఈ సందర్భములో మన బోధకులు చెప్పే ఒక పాత హాస్యము ఉన్నది. అది మోకాలి లోతు నీళ్లే అని ఎవరో అంటే, "అయితే మోకాలి లోతు నీళ్లలో ఫరో సైన్యమంతా మునిగిందా, అది ఇంకా పెద్ద అద్భుతము" అని జవాబు. సంఘము నవ్వుతుంది, ప్రసంగీకుడు ముందుకు పోతాడు. నేను కూడా చెప్పి నవ్వించాను. ఇప్పుడు చెప్పను. నిజాయితీగా అడిగిన బిడ్డను నవ్వుతో నోరు మూయించడం జవాబు కాదు.

జమ్ము ఉన్న నీరంటే ఏమిటో తెలియనివారే దానిని తేలికగా మాట్లాడతారు. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేరు ఒడ్డున. చిన్నప్పుడు తాటి దోనెలో కూర్చొని కిక్కిస పొదల మధ్య తిరిగినవాణ్ణి. మనిషి నిలువుకు మించి పెరిగిన కిక్కిసలో దారి తప్పితే ఎటు చూసినా ఒకటే. పైకి చూస్తే నీరు నిద్రపోతున్నట్టు ఉంటుంది, అడుగున ఊబి. ఎండిపోయిందని దిగిన ఎద్దుల బండి చక్రము ఇరుసు దాకా దిగబడితే పది మంది పట్టినా కదలదు. ఉపద్రవము వచ్చి బుడమేరు, తమ్మిలేరు ఒక్కసారిగా పొంగితే ఆ కొల్లేరే ఊళ్లను ముంచుతుంది. నిర్గమకాండము 14:25లో ఐగుప్తీయుల రథ చక్రములకు ఏమి జరిగిందో చదివినప్పుడల్లా నాకు మా తాతగారి బండి గుర్తుకు వస్తుంది. ఏరికోరి తెచ్చిన ఆరు వందల రథములు, వెనుక ఐగుప్తు రథములన్నీ. ఆనాటి లోకములో అంతకు మించిన యుద్ధ బలము లేదు. అది చక్రాల మీద నడిచే బలము, కాలినడకన పోయే దాసులకు దారి ఇచ్చిన నేల దానికి ఇవ్వలేదు. రాత్రి అంతా తూర్పు గాలి వీచిందని 14:21 చెబుతుంది. గాలిని వాడుకొన్నాడని చెప్పడానికి బైబిలుకు సిగ్గు లేదు, మనకెందుకు? కుడి ఎడమల నీళ్లు గోడవలె నిలిచాయని కూడా అదే అధ్యాయము చెబుతుంది. రెండూ ఉన్నాయి, రెంటినీ చదవాలి. మన తలలో ఉన్న ఆకాశమంత నీటి గోడల బొమ్మ చాలావరకు 1956లో వచ్చిన టెన్ కమాండ్‌మెంట్స్ సినిమాదని మరచిపోకండి. సినిమా మంచిదే, కాని అది మూలభాష కాదు.

ఆ తల్లికి నేను వ్రాసిన జవాబు ఇదంతా కాదు. ఇంత వ్రాస్తే ఆమె కళ్లద్దాలు సరిపోవు. మూడు పుటల ఉత్తరములో మొదటి వాక్యము, "అవునమ్మా, నాకు ముందే తెలుసు, చెప్పకపోవడం నా తప్పు" అని. తరువాత, మీ చిన్నబ్బాయి చెప్పినదానిలో జమ్ము అనే సంగతి నిజము, అచ్చుతప్పు అనేది నిజము కాదు, మోకాలి లోతు అనేది బైబిలు ఎక్కడా చెప్పనిది అని వ్రాశాను. ఇక ప్రార్థన సంగతి. ఎదుట సముద్రము, వెనుక రథములు ఉండగా ఇశ్రాయేలీయులు యెహోవాకు మొరపెట్టారని 14:10లో ఉన్నది. ఆ సమయములో ఆ నీటి పేరు ఏమిటో వారిలో ఎందరికి తెలుసు? గోషెనులో ఇటుకలు చేసినవారు వారు. దేవుడు మొర వినే ముందు వారిని ఊరి పేరు అడగలేదు. మీరు మీ బిడ్డ పేరు చెప్పారు, ఆయనకు అది చాలును అని వ్రాశాను.

ఇంకొక మాట కూడా వ్రాశాను, అది వ్రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఓడల మీద జరిగిన ఆ దాడుల్లో కొందరు ఓడ పనివారు చనిపోయారు. వారికీ తల్లులున్నారు, వారిలో ప్రార్థించినవారు ఉండరా? ఇది దేవుడు మన పక్షమున ఒక సముద్రమును రాసి ఇచ్చిన దస్తావేజు కాదమ్మా, వారి తల్లుల కోసము కూడా ఆ తెల్లవారుజామున ఒక మాట ప్రార్థించండి అని అడిగాను.

మార్చి నెలలో ఆమె ఫోను చేశారు. గొంతులో నవ్వు ఉన్నది. "అయ్యగారూ, పెద్దోడి ఓడ అసలు ఆ సముద్రంలోకి పోనేలేదంట. కంపెనీవాళ్లు ఆఫ్రికా చుట్టూ తిప్పి తీసుకెళ్లారంట. పదిహేను రోజులు ఎక్కువైందని వాడి గోల. ఎర్రదీ కాదు, జమ్ముదీ కాదు!" అన్నారు. చిన్న కుమారుడు ప్రక్కనే ఉన్నాడట. ఫోను తీసుకొని, వందనాలండీ అని, కొంచెము మొహమాటపడి, "అయ్యగారూ, ఆ విక్లిఫ్ సంగతి మాత్రం నాకు తెలియదండి, ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. చెప్పాను. వెనుక నుండి వాళ్లమ్మ, "ముందు అన్నం తినమను, తర్వాత చదువుకుంటాడు" అనడం నాకు వినబడింది.

ప్రియులారా, మీ ఇంట్లో కూడా ఇటువంటి ప్రశ్న ఏదైనా ఉంటే పత్రికకు వ్రాయండి. పిల్లలు అడిగినది యథాతథముగా వ్రాయండి, మెరుగులు దిద్దకండి. వచ్చే ప్రసంగములో సముద్రము దాటిన మూడవ దినమున వారు త్రాగలేకపోయిన నీటి దగ్గరకు వెళ్దాము. దాని పేరు మారా. ఆ పేరుకు అర్థము మాత్రం బైబిలే అక్కడికక్కడ చెప్పేసింది గనుక ఈసారి అంత దూరము తిరగవలసిన పని ఉండదు. నిర్గమకాండము 15:22 నుండి 27 వరకు చదివి ఉంచండి.